అంకె వేసిన చెట్టు

మా వైపు కొండ లేదు, లోయ లేదు. తెనాలి నుంచి రేపల్లె దాకా ఎటు చూసినా వరిచేలే. అడవి చూడాలంటే నిజాంపట్నం వైపు మడచెట్ల దాకా పోవాలి. అందుకే 1970లలో, భట్టిప్రోలు దాటాక రోడ్డువారనున్న చింతతోపే నాకు అడవి.

ఆ తోపులో రోడ్లవాళ్ల డిపో ఉండేది. డిపో అంటే ఏదో ఊహించుకునేరు! ఒక రేకుల షెడ్డు, తారు పీపాలు, కంకర గుట్టలు, పెళ్లింట్లో పెద్దముత్తైదువలా కదలకుండా కూర్చున్న రోడ్డురోలరు. రాయి పుట్టని ఒండ్రునేల మాది. కంకరంతా పడమటి కొండల వైపు నుంచి లారీలమీద రావలసిందే. ఆ గుట్టలెక్కి జారడమే మా పర్వతారోహణ. పరికిణీకంటిన తారుని కిరసనాయిలుతో రుద్దుతూ, అమ్మ నన్నూ రోలరునీ కలిపి తిట్టేది.

చెట్లకి సున్నం పట్టీ, దానిమీద నల్లంకె. అంకె వేశారంటే సర్కారువారు కాపాడతారని నా నమ్మకం. ఏటా కాయలు వేలం వేసేవారు గాని, రాలినవి మావే.

పనికొచ్చిన ఆడవాళ్లు కొమ్మకి పాతచీరతో ఉయ్యాల కట్టేవాళ్లు. కాళ్లకి గోనెపట్టాలు చుట్టుకుని, తట్టతో కంకర మోస్తూ, "పాప పడుకుందా అమ్మాయిగారూ?" అని అడిగేది తల్లి. ఊపేదాన్ని నేనే మరి!

పెళ్లయి బాపట్ల కాపరానికి వెళ్లాక, రోడ్డు వెడల్పు చేస్తారని విన్నాను. నిజం చెప్పొద్దూ, సంతోషించాను. పుట్టింటికి త్వరగా చేరొచ్చని మావారితో లెక్కలు కూడా వేశాను. ఆ తరవాత వెళ్లేసరికి తోపు లేదు. పడున్న మొద్దుల మీద అవే అంకెలు. కాపాడటానికి కాదు, లెక్కకన్నమాట!

2022లో జిల్లాలు మార్చినప్పుడు మా పుట్టినూరూ బాపట్ల జిల్లాలో కలిసింది. "ఇప్పుడు నేనే నీ జిల్లాకి కాపరానికొచ్చానే" అంది అమ్మ.

మొన్న వెళ్లాను. బస్సు పావుగంట ముందే దింపింది. అయినా అమ్మ అప్పటికే వచ్చి, ఎండలో కొంగు నెత్తిన కప్పుకుని నిలబడుంది. ఒకప్పుడు చింతకింద నిలబడేది. నాకు కలిసొచ్చిన పావుగంట ఎవరి నెత్తిమీంచి వచ్చిందో అప్పుడర్థమైంది.

"ఇటు రా" అని డిపో కంచె దగ్గరికి తీసుకెళ్లింది. మోకాలెత్తు చింతమొక్క. గింజ తనే పాతిందట. నీళ్లు వాచ్‌మన్ పోస్తున్నాడట.

"దీని నీడ నువ్వు చూస్తావా అమ్మా?" అన్నాను, నోరు జారి.

"నా కోసమా ఏమిటి? రోడ్డు పని ఆగేదా, ఉయ్యాల కట్టేవాళ్లు రారా?" అంది. కాస్త నడిచి మళ్లీ వెనక్కి తిరిగి, "అంకె మాత్రం వెయ్యనివ్వను" అంది.