అసలైన అశోకం



బరంపురంలో మన సంఘం పెరట్లో నాటిన అశోకం ఈ ఫాల్గుణంలో తొలిసారి పూసింది. గేట్ల పక్కన నిటారుగా పెరిగే చెట్టును చాలామంది అశోకం అంటారు. అది నరమామిడి. లంకలో సీతమ్మను ఉంచిన వనానికి పేరిచ్చింది ఇది. దీని పూలకు రేకులుండవు. గుత్తులు నారింజ రంగులో విచ్చి, పోనుపోను ఎర్రబడతాయి.

పెద్ద చెట్ల నీడన పెరిగే అడవి చెట్టు కనుకే మామిడి కింద నాటాం. విత్తు ఎండితే మొలవదు, పచ్చిగా ఉండగానే పాతాలి. లేతప్పుడు ఎండ సోకకూడదు, నేల చెమ్మ ఆరకూడదు. వేసవుల్లో వంతులు వేసుకుని నీళ్ళు పోశాం. మందుల కోసం బెరడు ఒలిచి ఒలిచి అడవుల్లో ఇది తగ్గిపోయింది. 1998లోనే ఐయూసీఎన్ దీన్ని ముప్పున్న జాతుల్లో చేర్చింది.

ఇప్పుడు కార్ల కోసం మామిడి కొట్టి, పెరడంతా సిమెంటు చేద్దామంటున్నారు. నీడా తడీ రెండూ పోతే ఇది నిలవదు. మామిడిని ఉంచి, చుట్టూ నాలుగు గజాల మట్టి వదలమని మా మనవి.

చైత్ర శుద్ధ అష్టమి అశోకాష్టమి, భువనేశ్వర్‌లో లింగరాజు రథం కదిలే రోజు. ఆ సాయంత్రం ఒకసారి వచ్చి చెట్టు కింద నిలబడండి. ఆ తర్వాతే సమావేశంలో చెయ్యెత్తండి.