యూ తోడు లేని క్యూ

ఇంగ్లీషులో క్యూ తర్వాత యూ రావాల్సిందేనని బడిలోనే చెప్పేస్తారు. క్వీన్, క్విక్, క్వశ్చన్, ఏ మాట తీసుకున్నా అంతే. స్క్రాబుల్ ఆడేవాళ్లకు మాత్రం ఈ నియమం ప్రాణసంకటం. వంద బిళ్లల్లో క్యూ ఒక్కటే, యూలు నాలుగే. క్యూ విలువ 10 పాయింట్లు కదా అని సంబరపడేలోపే బెంగ మొదలవుతుంది. ఎదుటివాడు తన బిళ్లలన్నీ పరిచేసి ఆట ముగించే వేళకు అది మన దగ్గరే ఉండిపోతే, పోటీ ఆటల్లో దానికి రెట్టింపు, అంటే 20 పాయింట్లు అతని ఖాతాలో పడతాయి. అందుకే యూ అక్కర్లేని క్యూ మాటల్ని, అందులోనూ పొట్టివాటిని, ఆటగాళ్లు ముందుగానే కంఠతా పట్టేస్తారు.

అన్నిటికన్నా పొట్టిది రెండక్షరాలది: క్యూ, ఐ. పలకడం మాత్రం 'చీ'. మనిషినీ ప్రకృతినీ నడిపిస్తుందని చైనావాళ్లు నమ్మే జీవశక్తి అది. మనం ప్రాణం అనేదానికి చాలా దగ్గర. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని సి, హెచ్, ఐ అని రాసేవారు. 1958లో చైనా తన భాషను రోమన్ అక్షరాల్లో రాయడానికి పిన్‌యిన్ పద్ధతిని ఆమోదించింది. అందులో ఈ 'చ' ధ్వని క్యూ వంతుకొచ్చింది. జపాన్‌లో అదే మాట 'కి' అయింది. ఐకిడోలోనూ రేకీలోనూ వినపడే 'కి' అదే. ఈ మూడు రూపాలూ స్క్రాబుల్‌లో చెల్లుతాయి. అమెరికా పోటీల పదకోశంలోకి క్యూ రూపం 2006లో వచ్చింది.

దాని సత్తా బోర్డు మీద చూడాలి. బోర్డు మీద అడ్డంగా 'ట్యాక్సీ' ఉందనుకోండి. దాని చివరి ఐకి సరిగ్గా పైనున్నది అక్షరం విలువను మూడింతలు చేసే గడి. అక్కడ క్యూ పెట్టి, దాని కుడి పక్కన ఇంకో ఐ పెడితే చాలు. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి అదే మాట వస్తుంది. ఒక్కోవైపు 31, వెరసి 62. వేసింది రెండే బిళ్లలు!

మిగతా జాబితా చదువుతుంటే తెలుగువాళ్లకు అది పరాయిదనిపించదు. ఫకీర్, తలాక్, ఖాజీ, కవ్వాలీ. ఎక్కడో ఒక ఇంగ్లీషు ఆటగాడు రాత్రిళ్లు కూర్చుని బట్టీపట్టే ఈ మాటలు మనకు పుట్టిన దగ్గర్నుంచి తెలుసు. పీర్ల పండగ జరిగే పల్లెల్లో ఫకీరు అంటే ఎవరో పిల్లలకు కూడా చెప్పనక్కర్లేదు. వరంగల్ పక్కన కాజీపేట పేరులోనే ఆ ఖాజీ ఉన్నాడు.

వీటన్నిటిలో క్యూ నిలబడింది ఒక అరబీ అక్షరానికి బదులుగా. కొండనాలుక దగ్గర, గొంతు లోపలి నుంచి పలికే 'క' అది. దక్కనీ ఉర్దూలో ఆ ధ్వని 'ఖ' అయిపోయింది. ఖురాన్, బుర్ఖా, ఖాజీ అని మనం రాస్తున్నప్పుడు నాకు ఆ దక్కనీ పలుకుబడే వినిపిస్తుంది.

నాకు మరీ ఇష్టమైన మాట ఇంకొకటుంది: క్యూ, ఓ, పి, హెచ్. హీబ్రూ అక్షరమాలలో 19వ అక్షరం పేరు. ఫినీషియన్ల లిపిలోని ఆ అక్షరమే గ్రీకుల, ఎట్రుస్కన్ల మీదుగా రోముకు చేరి క్యూ అయింది. అదే ఇంకో దారిన వెళ్లి అరబీ లిపిలోనూ స్థిరపడింది. యూని వెంటబెట్టుకోవడం లాటిన్ అలవాటు. ఇంగ్లీషుకు అది అబ్బింది చాలా ఆలస్యంగా. పాత ఇంగ్లీషులో క్వీన్‌ని సి, డబ్ల్యూలతో మొదలుపెట్టి రాసేవారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక, ఫ్రెంచి రాతకు అలవాటుపడ్డ లేఖకులు ఆ చోట క్యూ, యూ జంటను తెచ్చిపెట్టారు. కాబట్టి ఫకీరునీ ఖాజీనీ నియమం తప్పిన మాటలనడం నాకు ఒప్పుదల కాదు. యూ లేకుండా తిరగడమే ఆ అక్షరానికి పాత పద్ధతి.

అర్థాలు తెలియకుండానే ఈ ఆటలో శిఖరాలెక్కినవాళ్లున్నారు. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడలేడు. అయినా ఫ్రెంచి పదకోశాన్ని కొన్ని వారాలపాటు చదివి 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. ఆ జ్ఞాపకశక్తికి చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ పిల్లలకు ఆ దారి చూపించాలని నాకనిపించదు. అమెరికాలో స్పెల్లింగ్ బీ పోటీలకు తయారయ్యే మన పిల్లలు మాట చెప్పగానే అది ఏ భాషది, అర్థమేమిటని అడుగుతారు. 2021 నుంచి ఆ జాతీయ పోటీలో వేదిక మీద కూడా అర్థాల ప్రశ్నలు పెట్టారు. అది మంచి పని.

అర్థం తెలిస్తే ఎంత ఉంటుందో చెప్పడానికి ఐదక్షరాల 'ఖనాత్' ఒక్కటి చాలు. జాబితాలో దాని పక్కన 'భూగర్భ కాలువ' అని ఉంటుంది, అంతే. ఇరాన్‌లో కొండ పాదాన నీరు తగిలేదాకా ఒక బావి తవ్వుతారు. అక్కడి నుంచి ఊరి వైపు, అతి కొద్ది వాలుతో, నేల కింద సొరంగం తీస్తారు. మట్టి పైకి లాగడానికీ గాలి ఆడటానికీ దారి పొడవునా నిలువు బావులుంటాయి. తోడే పని లేదు. ఎండకు ఆవిరయ్యేదీ తక్కువే. నీరు తన వాలున తానే నడిచి ఊరు చేరుతుంది. అలాంటి 11 ఖనాత్‌లను యునెస్కో 2016లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ విద్య బహమనీ సుల్తానుల కాలంలో బీదర్‌కూ వచ్చింది. అక్కడ దాన్ని కరేజ్ అంటారు. హైదరాబాదు నుంచి బీదర్ 150 కిలోమీటర్ల లోపే. ఈసారి కోట చూడటానికి వెళ్తే, పిల్లల్ని వెంటబెట్టుకుని నౌబాద్ దగ్గరి కరేజ్ కూడా చూసి రండి.