పాటకు ముందు పిలుపు

పాట రాయడం, బాణీ కట్టడం, సాధన చేయడం - ఇవన్నీ కళ అనిపించుకుంటాయి. వచ్చి వినండి అని నలుగురినీ పిలవడం మాత్రం ఎందుకో ఆ లెక్కలోకి రాదు. సొంత పాటలు పాడుకునే మాలాంటి వాళ్లలో చాలామందికి వేదిక మీద లేని బెరుకు, "శనివారం మా ప్రోగ్రామ్ ఉంది, రండి" అని చెప్పేటప్పుడు వచ్చేస్తుంది. మన గురించి మనం చెప్పుకోవడం మర్యాద కాదని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం. పాటలో సత్తా ఉంటే జనం వాళ్లే వస్తారని పెద్దలు అంటారు. ఆ మాటలో సగం నిజం ఉంది. ఒకసారి విన్నవాళ్లు మళ్లీ రావడానికి పాటలో సత్తా చాలు. మొదటిసారి రావాలంటే మాత్రం ఎవరో ఒకరు పిలవాలి.

ఆ పిలిచే పని ఒక్కో కాలంలో ఒక్కొక్కరు చేశారు. హరికథకుడు, అంతటి ఆదిభట్ల నారాయణదాసు గారి వెనకా విజయనగరం సంస్థానం నిలబడింది. 1919లో అక్కడ సంగీత కళాశాల పెట్టి ఆయన్నే మొదటి ప్రిన్సిపాల్‌ని చేశారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ' నాటకంతో మొదలైన సురభి వాళ్లది వేరే బతుకు. కుటుంబాలకు కుటుంబాలే సామాన్లు మోసుకుంటూ ఊరూరా తిరిగి ఆడారు. అలా తిరిగే నాటక సమాజాలు ఊళ్లో దిగాయంటే పగలంతా చాటింపే. డప్పు కొట్టించేవారు, కరపత్రాలు పంచేవారు, తర్వాతి రోజుల్లో రిక్షాకు మైకు కట్టి వీధి వీధీ తిప్పేవారు. రాత్రి నాటకం ఎంత ముఖ్యమో పగటి చాటింపూ అంతే. దానికి ఎవరూ సిగ్గుపడలేదు.

1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారి లాంటి వాళ్ల పుణ్యమా అని సినిమాతో సంబంధం లేని పాట తెలుగువాళ్ల ఇళ్లలోకి నడిచి వచ్చింది. లలిత సంగీతం, భక్తిరంజని, ఈ మాసపు పాట - వీటిని పాడినవాళ్లు ఇంటింటికీ వెళ్లి పిలవనక్కర్లేకపోయింది. రేడియోనే పిలిచింది. ఆ గొంతు తగ్గేసరికి మనకు సినిమా పాట ఒక్కటే మిగిలినట్టయింది. ఇప్పటికీ కొత్త పాట వినిపిస్తే ముందు వచ్చే ప్రశ్న, "ఏ సినిమాలోది?" హైదరాబాద్‌లో చౌరస్తా బ్యాండ్ సొంత పాటలతోనే కుర్రకారును కూడగట్టుకుంది. అయినా ఆ బ్యాండ్‌లో పాడిన రామ్ మిరియాలను చాలా ఇళ్లు గుర్తుపట్టింది 2021లో 'జాతిరత్నాలు'లో పాడిన 'చిట్టి' పాటతోనే. ఇది ఎవరి తప్పూ కాదు. సినిమాకు పోస్టరు ఉంది, హీరో ఉన్నాడు, టీవీ ఉంది. సంస్థానం, రేడియో, నిర్మాత ఎవరూ లేని పాటకు పాడేవాడే చాటింపు వేసుకోవాలి.

చేతిలో ఫోను ఉంది కదా, ఇంకేం అంటారు. రీల్ పెడతాం. ముప్పై సెకన్లు పల్లవి, పైన తేదీ, వేదిక. లైకులు బాగానే వస్తాయి. డాలస్ నుంచి ఒకరు "సూపర్ అన్నా" అంటారు, దుబాయ్ నుంచి ఇంకొకరు గుండె బొమ్మ పెడతారు. వాళ్ల అభిమానం నిజమైనదే, కానీ శనివారం సాయంత్రం వాళ్లు హైదరాబాద్ బంజారాహిల్స్‌కు రాలేరు. నల్లకుంటలో ఉండి, రాగలిగినవాళ్లకు ఆ రీల్ కనపడనే కనపడదు. ఫోన్లో పాటకు ఊరూ వేళా ఉండవు. కచేరీకి రెండూ ఉంటాయి. ఫలానా సాయంత్రం, ఫలానా చోట, బస్సు ఎక్కి రాగలిగినవాళ్ల కోసమే అది జరుగుతుంది. డప్పు చాటింపు ఊరి పొలిమేర దాకానే వెళ్లేది. అంతకంటే దూరం వెళ్లాల్సిన పని దానికి లేదు. కచేరీ కోసం చేసే ప్రచారం కూడా జనం నడిచి వచ్చేంత దూరంలోనే గట్టిగా వినపడాలని నాకు ఇన్నాళ్లకు తెలిసొచ్చింది.

మన ఇళ్లలో పేరంటానికి బొట్టు పెట్టి పిలుస్తారు. కార్డు పంపి ఊరుకుంటే పిలిచినట్టు కాదు. కచేరీకీ ఆ మర్యాదే పనిచేస్తుంది. వంద మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పోస్టరు పడేస్తే అందరూ చూస్తారు, ఎవరూ తమను పిలిచారనుకోరు. అదే ఒక్కరికి, "అన్నా, పోయినసారి వాన పాట మళ్లీ పాడమన్నారు కదా, ఈ శనివారం దాన్ని వేణువుతో పాడుతున్నాం, వస్తారా?" అని రాస్తే జవాబు వస్తుంది. ఒక్కోసారి "రాలేను తమ్ముడూ, మా చెల్లెలు వస్తుంది" అని వస్తుంది. ఆ చెల్లెలు ఇద్దరు స్నేహితురాళ్లను వెంటబెట్టుకొస్తుంది.

మా బ్యాండ్‌లో కజోన్ (పెట్టెలాంటి తాళవాద్యం) వాయించే కుర్రాడు ఈ పనికి ఒక నోటుబుక్కు పెట్టాడు. ప్రోగ్రామ్ అయిపోయాక గేటు దగ్గర నిలబడి, ఇష్టమైనవాళ్ల చేత పేరు, ఫోను నంబరు, ఉండే ఏరియా రాయిస్తాడు. ఆ మూడో గడి చాలా సంగతులు చెబుతుంది. మియాపూర్, కూకట్‌పల్లి వాళ్లు ఎక్కువ కనిపిస్తే తర్వాతి కచేరీ అటువైపు పెట్టాలని అర్థం. అటు పెట్టలేకపోతే, వాళ్లకు ఆఖరి మెట్రో అందాలి. ఆరుబయట మైకు రాత్రి పది దాటితే నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి పోస్టరు మీద వేసిన టైముకే మొదలుపెట్టాలి. ఆలస్యమైతే చివర ఉంచుకున్న మంచి పాటలే ఎగిరిపోతాయి. ఏడింటికి అని రాసి ఏడింటికి పాడేవాళ్లను జనం నమ్ముతారు. ఆ నమ్మకాన్ని మించిన పోస్టరు లేదు.

2010లో బంజారాహిల్స్‌లో లమకాన్ తెరుచుకున్నాక మాలాంటి వాళ్లకు ఒక ఆరుబయలు దొరికింది. పెద్ద ఆడిటోరియం అద్దె కట్టలేనివాళ్లు కూడా అక్కడ నాలుగు కుర్చీల ముందు నిలబడి పాడొచ్చు. ఊరికి ఇలాంటి చోటు ఒకటి ఉంటే, పిలిచినవాళ్లకు ఎక్కడికి రావాలో చెప్పడం తేలిక. వరంగల్‌కూ, విశాఖకూ, తిరుపతికీ ఇలాంటివి కావాలి.

టికెట్ సంగతి కూడా చెప్పాలి. ఉచితం అన్నచోట పేరు నమోదు చేసుకుని రానివాళ్లు ఎక్కువ. వందో, రెండొందలో ఇచ్చినవాళ్లు వానొచ్చినా వస్తారు, వచ్చాక శ్రద్ధగా వింటారు. 500 రూపాయల లోపు కచేరీ టికెట్‌కు జీఎస్టీ కూడా లేదు. చిన్న కచేరీకి ప్రభుత్వం వదిలిన చిన్న వెసులుబాటు అది. ఆ రెండొందల్లోంచే వేదిక ఖర్చు, సౌండ్ అబ్బాయి కూలి, వాద్యాలు తెచ్చిన ఆటో కిరాయి పోవాలి. డబ్బు అడగడం పాటను అమ్ముకోవడం అనుకునే మొహమాటం నాకు పోయింది. సౌండ్ అబ్బాయికి కూలి ఎగ్గొట్టి నిలబెట్టుకునే మర్యాద నాకొద్దు.

కొత్తగా పాడుతున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పిలవడాన్ని సాధనలో భాగం చేసుకోండి. రోజూ గంట పాటకు ఇస్తే, పది నిమిషాలు పిలుపుకు ఇవ్వండి. మీ పాట మీకు విలువైనదైతే దాని గురించి చెప్పడం గొప్పలు పోవడం కాదు.

వినేవాళ్లకూ ఒక మనవి. మీ ఊళ్లో సొంత పాట పాడేవాళ్లెవరైనా మిమ్మల్ని పేరు పెట్టి పిలిస్తే, వస్తామనో రాలేమనో ఒక్క మాట జవాబివ్వండి. వీలైతే టికెట్ కొనండి, వచ్చేటప్పుడు ఇంకొకరిని వెంట తీసుకురండి.