ఉత్తమపురుష

ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, అనగా 61 దినములు, తూర్పుతీరమున మర పడవలు వేటకు పోరాదని సర్కారువారి నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున వాటి జోలికి పోరాదను ఆ సదుద్దేశము వలన చేపలకు కలిగిన మేలెంతయో చేపలే చెప్పవలెను గాని, మైపాడు పట్టపుపాళెములోని కుర్రవాండ్రకు మాత్రము దానివలన ఏడాదికొకమారు అయాచితముగా లభించునది దీర్ఘమైన తీరిక. నెల్లూరు నుండి ఇందుకూరుపేట మీదుగా వచ్చు బస్సు దిగి సముద్రపు గాలి కెదురుగా నడచినచో కనబడు సరుగుడు తోపుకడ, ఒడ్డునకు లాగిపెట్టిన ఫైబరు పడవల నీడను, వలల చిరుగులు బాగుచేయుచు వారు కూర్చుండెదరు; చేతులకు పని వలతో, నోటికి పని మాటలతో; ఆ మాటలు వెనుకటివలె సినిమాలను గూర్చియో పంచాయతీ ఎన్నికలను గూర్చియో కాక, ఈ నడుమ తాము ముగించిన వీడియోగేములను గూర్చి యగుట మొన్నటి వేసవిలో నేను గమనించితిని.

నన్నా గోష్ఠికి ఎవరును పిలువలేదు. బెంగుళూరిలో సాఫ్టువేరు కొలువు చేయు మా మేనల్లుడు సెలవు పెట్టి వచ్చి, ఉదయము పదిగంటలు కాకమునుపే కాళ్ళకు చెప్పులైనను లేకుండ తోపు దారి పట్టుచుండగా, ముప్పదియైదేండ్ల వయస్సున వీనికి అక్కడ నేమి పని యని మేనమామకుండు సహజమైన సందేహముతో వెంటబోయి, మొదటి దినము పెద్దరికమునకై కూర్చుండి, రెండవ దినము మొదలు వినుటకై కూర్చుండినవాడను. అక్కడ వానికి ఇరువురు చిన్ననాటి స్నేహితులు: ఒకడు తండ్రితోబాటు పడవమీద వేటకు పోవువాడు, మరియొకడు కోడూరు వైపు రొయ్యల గుంటలకడ, రాత్రి కాపలా మొదలుకొని నీటి పరీక్షల వరకు, సర్వము తానేయై యుండువాడు. పేర్లు వ్రాయను. మొదటివానిని పడవవాడనియు, రెండవవానిని గుంటలవాడనియు పిలిచెదను. వారికి తెలిసినచో నవ్వుకొందురు.

ఆట యను మాటకు మా ప్రాంతమున నీ మధ్య చెడ్డపేరు వచ్చినది. ఫోనులో రమ్మీ యాడి పొలము కాగితములు కుదువబెట్టినవారి కథలు ప్రతి యూరను వినబడుచుండుటచేత, 2020లో మన రాష్ట్రమున ఆన్‌లైను రమ్మీని, పోకరును నిషేధించినను, 2025లో సొమ్మొడ్డి ఆడు ఆన్‌లైను ఆటలనే దేశమంతట నిషేధించుచు పార్లమెంటు చట్టము చేసినను, కొడుకు ఫోను పట్టుకొని మూల కూర్చుండినచో తల్లి గుండె యింకను దడదడలాడుచునే యున్నది. ఈ ముగ్గురి ఆటలలో పందెము లేదు. గెలిచినవానికి దక్కునదియు నేమియు లేదు, చెప్పుకొనుట తప్ప.

చెప్పుకొనుట యనునది వీరికి బాల్యము నుండియు నున్నదే. 1990లలో నెల్లూరులో గంటకింతయని పుచ్చుకొని టి.వి. గేము లాడనిచ్చు అంగళ్ళుండెడివి. జపానుదేశపు నింటెండోవారు 1985లో వెలువరించిన సూపర్ మారియో, అసలుదో నకలుదో యెవరికిని తెలియని కాసెట్టు రూపమున, ఏండ్లు గడచిన తరువాత ఆ యంగళ్ళకు చేరినది. అందు ఎనిమిది ప్రపంచములు, ఒక్కొక్క ప్రపంచమున నాలుగేసి ఘట్టములు, వెరసి ముప్పదిరెండు. నేటికి చాలించి రేపు అక్కడనుండియే యెత్తుకొందమను సౌకర్యము లేదు. ఏడు ప్రపంచముల చివర ఏడు కోటలు జయించినను రాజకుమార్తె యిచట లేదు, వేరొక కోటలో నున్నదనునదే సమాధానము. అంతలో అద్దెగంట తీరును, లేకున్న కరెంటు పోవును. కావున ఆ పిల్లలలో నొక్కడైనను ఆట ముగించితినని చెప్పగా నేను వినలేదు. ఎక్కడ చచ్చితిమన్నదే వారి ముచ్చట. “నువ్వు యాడ చచ్చావు రా?” “నేను ఐదులో చచ్చినా” అని సాయంకాలము వాకిట వినబడుటయు, మా అక్క చీపురు చేతబట్టి “దీపాలు పెట్టే వేళ అవేం మాటల్రా” అని వెడలి వచ్చుటయు నాకింకను కన్నులకు గట్టినట్లున్నది.

ఆ ‘చచ్చినా’ అను క్రియను గూర్చి నేనప్పు డాలోచింపలేదు. ఉత్తమపురుషైకవచనమున, భూతకాలమున, ఆ క్రియను ఉన్న దున్నట్లుగా ప్రయోగింపగల యధికారము లోకమున నెవ్వరికున్నది? వ్యాకరణము రూపము చెప్పి యూరకుండును. సినిమా చూచి వచ్చినవాడు “హీరో చచ్చిపోయాడు” అనును. నవల మూసినవాడును అంతే. ఆటగాడొక్కడే తడుముకొనకుండ ‘నేను’ అనును. సరుగుడు నీడలో మూడువారములపాటు నేను వినిన మాటలన్నియు ఆ ‘నేను’ చుట్టును తిరిగినవే.

పడవవాడు ఆ నిషేధకాలమున ముగించినది డ్రెడ్జ్ అను ఆట. న్యూజీలండులోని బ్లాక్ సాల్ట్ గేమ్స్ అను చిన్న సంస్థవారు 2023లో వెలువరించినది. పరదేశియైన జాలరి యొకడు పడవ పగిలి ఒక దీవికి చేరును. ఆ యూరి మేయరు వానికి వేరొక పడవ నిచ్చి, దాని వెల అప్పుగా వ్రాసికొనును. పట్టిన చేపలమ్మి ఆ యప్పు తీర్చుకొనవలెను. పగలంతయు ప్రశాంతము. చీకటి పడినంతనే మంచు క్రమ్మి, జాలరికి మతి చలించి, లేనిచోట బండలు మొలచి, పడవ వాటికి తగిలి పగులును. వికృతరూపములైన చేపలు దొరకును. ఇది భయానకరసమని మా మేనల్లుడు వ్యాఖ్యానించుచుండగా పడవవాడు వల నుండి తలయెత్తకయే, “వాళ్ళకు రాత్రంటే భయం మామా. మనకు రాత్రే గదా వేట. పగలేముంటది సముద్రంలో, ఎండ తప్ప? ఆ రాసినోడెవడో ఒడ్డున కూర్చోని రాసుండాడు” అనెను. ఆ ఆటను మెచ్చుకొన్న విమర్శకు లనేకులు గలరు. ఇంతటి సూటియైన వాక్యము వారిలో నెవరైన వ్రాసియుందురా యని నా సందేహము.

అయినను వాడు దానిని త్రోసివేయలేదు. ఆ ఆటలో పడవ గర్భము గళ్ళుగళ్ళుగా నుండును. ప్రతి చేపకు నొక యాకారము. పొడుగుదానిని నిలువుగనో అడ్డముగనో త్రిప్పి, వంకరదానిని సందున జొనిపి, గడి ఖాళీ పోకుండ నమర్చినవానికే లాభము. “ఇది మాత్రం తెలిసినోడే చేసినాడు” అని, వల ప్రక్కన బెట్టి, ఇసుకలో వ్రేలితో అయిసుపెట్టె గీచి, వంజరము తల ఎటుండవలెనో, చందువలు పళ్ళెములవలె దేనిమీద దేనిని పేర్చవలెనో, మిగిలిన సందులకు నెత్తళ్ళు ఎట్లు పనికివచ్చునో, ఒక పావుగంట నాకు బోధించెను. ముగింపు ఎట్లున్నదని యడిగితిని. వాడు ముగింపు మాట వదలి, “అప్పు మొదట్లోనే తీరిపోద్ది మామా” అనెను, కొంచెమాగి, “అప్పు తీరిపోయినాక కూడా వేటకు పోతానే ఉంటాడు. నాకదే వింతగా ఉండింది” అనెను. వలకు, ఇంజనుకు ముందుగా సొమ్మిచ్చి, పట్టిన చేపకు తానే ధర కట్టు సావుకారుల చేతిలో తాతలనాటినుండి నలిగిన యింటివాడు. అప్పు తీరిన జాలరిగా పది పండ్రెండు గంటలు బ్రదికి వచ్చినాడు. (నేనును ఒకనాడు వాని ఫోను తీసికొని ఆ పడవ నడిపి చూచితిని. ఐదు నిమిషములలో బండకు కొట్టితిని. “మొదట్లో అందరూ అంతే పెద్దాయనా” అని వాడు మర్యాదకై అబద్ధమాడెను; అంతవరకు ‘మామా’ అనుచుండినవాడు ఒక్కమారుగ ‘పెద్దాయనా’ అనుటచేత నా ప్రతిభ నాకు బోధపడినది.)

మా మేనల్లునిది వేరు బాధ. వాడు యాభై గంటలకు పైచిలుకు కూర్చుండి ముగించినది రాక్‌స్టార్‌వారి రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, 2018 నాటిది, 1899 నాటి అమెరికాలో బందిపోటు ముఠా చెల్లాచెదరగు కథ. కథానాయకుడు ఆర్థర్ మోర్గాను. ముఠావారిచ్చిన అప్పు వసూలు చేయుటకై పోయి, జబ్బుతో తీసికొనుచున్న యొక పేదరైతును వాని కంచెకడనే కొట్టును. ఆ రైతు దగ్గగా చిందిన నెత్తురు ఆర్థరు ముఖమున పడును. ఆ చిందినదే క్షయయై, కొన్ని నెలల తరువాత, వాని ఆయువు తీర్చును. దీనిని మా వాడు కథగా చెప్పలేదు, తప్పు ఒప్పుకొన్నట్లుగ చెప్పెను. “కొట్టింది నేనే మామా. బటను నొక్కింది నేనే.” కొట్టకుండ పోవు త్రోవ లేదా యని గుంటలవాడడిగెను. “వెతికినా. నొక్కకుంటే కథ కదలదు.” పడవవాడు చేతిలోని దారము పండ్లతో త్రెంచి, “సావుకారి మనిషికి ఆ జబ్బు అంటిందా? ఆటలోనన్నా అంటిందిలే” అనెను. మేము నవ్వితిమి, మా మేనల్లుడు నవ్వలేదు. వాడు ఆ ఆర్థరుతో యాభై గంటలు గుర్రమెక్కి తిరిగినవాడు. చివరి దౌడులో ఆ గుర్రము గుండు తగిలి కూలగా, తరుముకొని వచ్చువారిని లెక్కింపక దాని మెడకడ మోకరిల్లినవాడును వాడే. ఆ భాగము వాడు సగము చెప్పి సముద్రమువైపు చూచుచు కూర్చుండెను. ఇంత దుఃఖమును బెంగుళూరి ఆఫీసులో నెవరితో చెప్పుకొనును? నాలుగువందల కిలోమీటర్లు ప్రయాణము చేసి వచ్చినది ఇందుకే కాబోలునని నాకు తోచినది.

నొక్కకున్న కదలని కథ ధర్మరాజునకు తెలియనిదా? పిలిచిన జూదమునకు పోకుండుట తనకు తగదని పోయినవాడు గదా. ఆయన తరువాతి గతిని, పదమూడవ శతాబ్దమున, మనుమసిద్ధి కొలువున నున్న మా నెల్లూరి తిక్కన చెప్పుటకు మొదలిడెను. విరాటపర్వముతో నారంభించి తక్కిన పదునైదు పర్వములును ముగించెను. ఆ విరాటుని సభలో కంకుభట్టను మారుపేరున నున్న ధర్మరాజు, రాజుతో పాచికలాడుచు, ఉత్తరుని విజయమును రాజు పొగడుకొను ప్రతిమారును ఇది బృహన్నల సారథ్యఫలమని యడ్డు వచ్చి, తుదకు పాచికతో ముఖమున కొట్టించుకొనెను. ఆ నెత్తురు నేలబడకుండ సైరంధ్రి పట్టెను. ఆటమధ్యమున తన యభిప్రాయము మ్రింగికొనలేక దెబ్బతిన్న ఆ పెద్దమనిషి సంకటమంతయు నాకు వ్యాకరణ సంకటముగనే తోచును: ‘నా తమ్ముడు’ అనవలసినచోట ‘బృహన్నల’ అనవలసివచ్చినది, నేనని చెప్పుకొనుటకు వీలులేని యజ్ఞాతవాసము. మా కుర్రవాండ్రు దీనికి తలక్రిందులు. పరాయి వేషము వేసికొన్న తరువాతనే వీరి నోట ‘నేను’ అను మాట బింకము లేకుండ వచ్చుచున్నది.

ముగింపు ముందుగా చెప్పరాదనునది వీరిలో కఠోరమైన ఆచారము. మా తరమువారము హరికథకు పోవునప్పటికే రావణుడు చచ్చునని యెరిగి పోయితిమి. దానివలన నిద్ర మేల్కొనుట తగ్గలేదు. ఇక్కడ ఒకడు తుదిఘట్టము చెప్పబోగా, ఆ యాట ఇంకను ముగింపనివాడు లేచి నీళ్ళ అంచువరకు పోయి నిలుచుండును. పిలిచిన పిదప వచ్చును. నేనేది యాడబోవువాడను గాను గనుక నాకు అన్నియు చెప్పిరి. ఆ తోపులోని ముగింపులన్నియు నాయొద్ద భద్రముగా నున్నవి.

గుంటలవాడు మితభాషి. వానివంతు వచ్చుటకు పది దినములు పట్టినది. వాడాడినది షాడో ఆఫ్ ది కొలోసస్. జపానువాడగు ఫుమిటో ఉఎడా 2005లో రూపొందించినది. 2018లో క్రొత్తగా చేసినదానిని, సెకండుహ్యాండులో కొన్న పెట్టెతో, గుంట గట్టునున్న మోటారు కొట్టములో ఆడినాడు. చనిపోయిన పిల్లను బ్రదికించుకొనుటకై ఒక పడుచువాడు పదునారుగురు మహాకాయులను చంపవలెను. వారిలో పలువురు తమ మానాన తాముండువారే. ఒక్కొక్కడు కూలినప్పుడు వచ్చునది విజయగీతము గాదు, ఏడ్పువంటి సంగీతము. చంపినవాని రూపము కూడ నానాటికి చెడిపోవును.

పదునైదుగురు కూలిరి. పదునారవవాని కడకు చేరునప్పటికి తెల్లవారుజాము మూడున్నర. గుంటలవారికి అది గండపు వేళ. పగలు ఎండకు నీటిలోని పాచి ప్రాణవాయువును విడుచును. రాత్రి ఆ పాచియే రొయ్యలతోబాటు దానిని పీల్చికొనును. కావున ప్రొద్దుపొడుపునకు ముందు నీటిలో అది అన్నిటికంటె తక్కువ. ఏరేటర్లు తిరుగుచుండవలెను. సరిగా అప్పుడే కరెంటు పోయినది. “టీవీ ఆరిపోయింది చూసుకోలేదు మామా. మోత ఆగిపోయింది. ఆ మోత ఆగితే నేను నిద్రలో కూడా లేస్తా.” టార్చితో గట్టువెంట పరుగెత్తి, జనరేటరు మొదటి మారు పలుకక, రెండవ మారు పలుకక, మూడవ మారునకు దగ్గినట్లు దగ్గి అందుకొనగా, చక్రములు నీటిని కొట్టుట మొదలైన తరువాతనే వాడు గుంటలోనికి వెలుగు వేసి చూచెను. అంచు పొడుగునను, పైకి తేలివచ్చిన రొయ్యల కన్నులు, నిప్పురవ్వలు చల్లినట్లు. అవి యొక్కొక్కటే క్రిందికి దిగి పోవువరకు అక్కడనే గొంతుక్కూర్చుండెనట. కొట్టములోనికి వచ్చి టి.వి. పెట్టగా, మహాకాయుడు చెక్కు చెదరక, తొలుత నున్నచోటనే నిలిచి యున్నాడు.

“చంపకుండా ఆపేద్దామనుకున్నా” అనెను.

“మరి?”

“పదిహేనుమందిని చంపినాక ఆపేదేంది మామా? మర్నాడు రాత్రి చంపినా.”

“వాళ్ళు నిన్నేం చేసినారబ్బయా?” అని పడవవాడడిగెను. గుంటలవాడు బదులు చెప్పలేదు. ఏప్రిలులో మొదలుపెట్టిన పంటకు కోత యెప్పుడని మా మేనల్లుడు మాట మార్చగా, ఇంకొక నెలకని చెప్పి, ఫోనులో వేళ చూచుకొని, మధ్యాహ్నపు మేత వేయవలెనని లేచి పోయెను.

జూన్ 14 రాత్రి పాళెములో నెవరును నిద్రపోలేదు. పడవలకు పసుపు కుంకుమలు, టెంకాయలు, డీజిలు డబ్బాలు, అయిసు. నడిరాత్రి దాటగనే ఇంజనులు ఒకటొకటిగా మేల్కొని దీపములు వరుసగా దూరమాయెను. మా మేనల్లుడు మరునాటికి సెలవు పొడిగించుకొని నన్ను వెంటబెట్టుకొని ఒడ్డున కాచుకొని యుండెను. ఎండ ముదిరిన పిదప పడవవాని పడవ వచ్చినది. మొదటి వేట ఫరవాలేదన్నమాట: రెండు పెద్ద వంజరములు, చందువలు కొన్ని, నెత్తళ్ళు విస్తారము. సావుకారి మనిషి పుస్తకముతో నప్పటికే నిలుచుండి యున్నాడు. పడవవాడు మోకాళ్ళమీద కూర్చుండి చేపలను పెట్టెకెత్తుచు, రెండవ వంజరము నిలువునా పట్టక, ఒక క్షణము దానిని చేతులలో నుంచుకొని చూచి, తల అటు తోక ఇటుగా త్రిప్పి, మొదటిదాని ప్రక్కన సందులో సరిగా ఇమిడించి, తలయెత్తి మా మేనల్లునివైపు చూచి నవ్వెను.