ఎర్ర నేల మీద మూడు స్థలములు

ఆస్ట్రేలియాలోని పిల్లల యొద్దకు వెళ్లి వచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు మన సంఘములలో చాలామంది ఉన్నారు. సిడ్నీ వంతెన, మెల్‌బోర్న్ వీధులు చూచి తిరిగి వస్తారు. వీలైతే ఆ దేశపు నడుమనున్న ఎర్ర ఎడారిని కూడా చూడమని మా మనవి. మేము దంపతులము అక్కడ చూచిన మూడు స్థలములను గూర్చి వ్రాస్తున్నాము.

మొదటిది ఉలురు. మైదానము మధ్య 348 మీటర్ల ఎత్తున లేచిన ఒకే కొండరాయి. పొద్దు గ్రుంకే వేళ అది నిప్పుకణికవలె ఎర్రబడుతుంది. 1985లో ప్రభుత్వము దానిని అనంగు అనే ఆదివాసులకు తిరిగి అప్పగించింది. తమ పవిత్ర స్థలమును ఎక్కవద్దని వారు ఎన్నో ఏండ్లు బ్రతిమాలుకొన్నారు. 2019 అక్టోబరు 26 నుండి ఎక్కుట నిషేధించబడినది. అయితే చుట్టూ సుమారు 10 కిలోమీటర్ల కాలిబాట ఉన్నది. కొండ మడతలలోని గుహలు, నీటిగుంట చూడాలంటే ఆ బాటనే నడవాలి.

రెండవది హెర్మన్స్‌బర్గ్. ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణమునకు పడమర సుమారు 130 కిలోమీటర్ల దూరములో, 1877లో లూథరన్ మిషనరీలు కట్టుకొన్న ఊరు. సున్నము వేసిన పాత గుడి, ఖర్జూరపు చెట్లు నేటికీ ఉన్నాయి. 1865లో మన సూళ్లూరుపేటకు సేవకులను పంపినది కూడా జర్మనీలోని ఈ హెర్మన్స్‌బర్గ్ మిషనే! కన్నులు కానరాని మోషే అనే ఆదివాసి సువార్తికుడు ఈ ఎడారిలో ఊరూరా వాక్యము ప్రకటించాడు. ప్రసిద్ధ చిత్రకారుడు ఆల్బర్ట్ నమట్జీరా 1902లో ఇక్కడే జన్మించాడు.

మూడవది ఆలిస్ స్ప్రింగ్స్ వెలుపలనున్న జాన్ ఫ్లిన్ సమాధి. ఈ ప్రెస్బిటేరియన్ పాదిరిగారు 1928లో, దూరపు పల్లెల రోగుల యొద్దకు విమానములో వైద్యుని పంపే సేవను ప్రారంభించారు. ఆ దేశపు 20 డాలర్ల నోటుపై ఆయన బొమ్మ ఉన్నది. 1951లో ఆయన మరణించిన తరువాత, ఉత్తరాన దాదాపు 400 కిలోమీటర్ల దూరములోని కర్లు కర్లు నుండి ఒక గుండ్రని బండను తెచ్చి సమాధిపై నిలిపారు. ఆ బండ అక్కడి ఆదివాసులకు పవిత్రమైనది. వారినెవరూ అడుగలేదు. ఎన్నో సంప్రదింపుల తరువాత 1999లో బండ దాని స్థలమునకు తిరిగి చేరినది. అప్పుడు ఆలిస్ స్ప్రింగ్స్ ప్రాంతపు అరెర్న్టె ఆదివాసులు తమ నేలలోని మరొక బండను పాదిరిగారి సమాధికి ఇచ్చారు. నేడు మనము చూచేది అదే.

ఈ సంగతి చెప్పినప్పుడు మన విశ్వాసి ఒకరు, "అయ్యగారూ, రాతిని పవిత్రమని మనము నమ్మము గదా, తిరిగి ఇచ్చుట ఎందుకు?" అని అడిగారు. మంచి ప్రశ్నే. మనము రాతికి మ్రొక్కము; ఆ బండను తిరిగి ఇచ్చినవారును మ్రొక్కలేదు. అడుగక తీసికొన్నదానిని సొంతదారులకు అప్పగించారు. జక్కయ్య ప్రభువును తన యింట చేర్చుకొన్న దినమున చేసినది అదే గదా! పొరుగువాని పొలపు గట్టురాయిని జరుపకూడదని ధర్మశాస్త్రము చెప్పునప్పుడు, ఆ పొరుగువాని విశ్వాసమేమిటని అడుగలేదు.

వెళ్లగోరువారు మే మొదలు ఆగస్టు వరకు వెళ్లండి. పగలు హాయిగా ఉంటుంది, రాత్రులు గడ్డకట్టే చలి గనుక ఉన్నిబట్టలు తప్పనిసరి. ఫ్లిన్ గారి సమాధి యొద్ద కొంతసేపు నిలువండి. ఇచ్చే మనస్సును, తిరిగి ఇచ్చే మనస్సును ప్రభువు మనకు దయచేయును గాక.