గుమ్మడికాయ దొంగలు

గుమ్మడికాయతో దప్పళం పెడతాం. బెల్లం వేసి కూర చేస్తాం. కొత్తిల్లు కడితే దిష్టి తీసి వీధిలో బద్దలు కొడతాం. సినిమావాళ్ళయితే షూటింగు ముగియగానే గుమ్మడికాయ కొట్టేశామంటారు. ఇన్ని విధాలుగా గుమ్మడికాయని వాడుకోవడం మనకే చేతనవునని నాకో చిన్న గర్వం ఉండేది. కిందటేడు అక్టోబరులో న్యూజెర్సీలో మా చెల్లెలింటికి వెళ్ళాక అది కాస్తా అణిగిపోయింది. అక్కడ దాంతో ఐస్‌క్రీం చేస్తారండీ!

మా చెల్లెలు నన్ను సరుకుల దుకాణానికి తీసుకెళ్ళింది. గుమ్మం ముందే నారింజరంగు కాయలు కుప్పపోసి ఉన్నాయి. అక్టోబరు 31న హాలోవీన్. కాయని దొలిచి, కళ్ళూ పళ్ళూ చెక్కి, లోపల దీపం పెట్టి వాకిట్లో ఉంచుతారు.

"అయితే మన దిష్టిబొమ్మకి పినతల్లి కూతురన్నమాట" అన్నాను.

లోపలికి వెళ్తే బిస్కెట్లలో గుమ్మడి, రొట్టెలో గుమ్మడి, చివరికి కాఫీలో కూడా గుమ్మడే! చెల్లెలు చల్లటి బీరువా తలుపు తీసి, ఐస్‌క్రీం డబ్బాలు ఒకటి కాదు, నాలుగు తీసి బండిలో పడేసింది.

"మనిషికో డబ్బానా ఏమిటే?"

"ఈ రోజుల్లోనే దొరుకుతుందక్కా. థాంక్స్‌గివింగ్ దాటిందంటే మళ్ళీ ఏడాది దాకా కంటికి కనపడదు" అంది. ఆ పండగ నవంబరు నాలుగో గురువారం.

తిరిగి వస్తుంటే దారి పొడుగునా మేపుల్ చెట్లు కుంకుమ ఆరబోసినట్టున్నాయి. నిఘంటువు చూస్తే ఆ కాలానికి శరదృతువు అనే ఉంటుంది. మన శరత్తు అంటే వెన్నెల. ఆకులు రాలడం మనకి శిశిరంలో కదా! వాళ్ళు మాత్రం ఈ కాలానికి 'ఫాల్' అనే పేరు పెట్టుకున్నారు. రాలడమే దాని పేరు. ఒకే నెలలో మన డాబా మీద పిండారబోసినట్టు వెన్నెల కాస్తుంటే, వాళ్ళ వాకిట్లో ఆకులు రాలుతుంటాయి.

చెప్పొద్దూ, నేను అంతదూరం వెళ్ళింది ఆకులు చూడ్డానికి కాదు. అప్పటికి రెండేళ్ళ క్రితం ఫిబ్రవరిలో మా అమ్మ పోయింది. చెల్లెలు పదో రోజుకి గాని రాలేకపోయింది. చివరి రోజుల్లో అమ్మ దాన్నే కలవరించింది. 'కాస్త ముందుగా రాకూడదటే?' అన్న ప్రశ్న అప్పటినుంచీ నా గొంతులో అలాగే ఉండిపోయింది. ఫోనులో అడిగే మాట కాదని ఊరుకున్నాను. ఎదురుగా కూర్చున్నాక నోరు రాలేదు.

ఆ రాత్రి మరిదిగారూ పిల్లాడూ పడుకున్నాక చెల్లెలు ఒక డబ్బా తెచ్చి మూత తీసింది. కళ్ళజోడు పెట్టుకుని డబ్బా మీది అక్షరాలు చదివాను. పాలు, మీగడ, పంచదార, గుమ్మడి గుజ్జు, గుడ్డు సొన, దాల్చినచెక్క, శొంఠి, లవంగం, జాజికాయ.

"ఇది ఐస్‌క్రీమా, బాలింత మందా?" అన్నాను.

"ముందు తిని చూడు."

మొదటి చెంచాకి చల్లదనం తప్ప ఏమీ తెలియలేదు. నాలిక మీద కరుగుతున్నకొద్దీ గుమ్మడి తీపి మెల్లగా వచ్చింది. దాని వెనకాలే జాజికాయ వాసన. చెంచా అలాగే పట్టుకుని ఉండిపోయాను. మా ఇంట్లో ఆడవాళ్ళు గుమ్మడికాయ కొట్టకూడదని, మొదటి దెబ్బ నాన్నగారు వేసేదాకా అమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఉండేది. ఆ తర్వాత కోరు తీసి, నేతిలో మగ్గించి, బెల్లం వేసి, దించబోయే ముందు రవ్వంత జాజికాయ పొడి చల్లేది.

"అమ్మ హల్వా వాసన కదూ?" అంది చెల్లెలు, తల ఎత్తకుండానే.

"దూరాన ఉన్నవాళ్ళకి ఇలాంటివే మిగులుతాయి కాబోలు" అన్నాను. ఒట్టు, నేనన్నది ఐస్‌క్రీం గురించే.

దాని మొహం మారిపోయింది. "నేను రాలేదనేగా నువ్వంటున్నది?"

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే అనుకున్నాను. ఇక అడగవలసిన ప్రశ్న అడిగేద్దామని నోరు తెరవబోయాను. ఈలోగా అదే చెప్పింది.

"జనవరిలో టిక్కెట్టు కొంటానని ఫోన్ చేశానక్కా. 'కంగారేం లేదే, వీడి బడి పోతుంది, జూన్‌లో తీరిగ్గా రా' అన్నావు. నువ్వు అమ్మ పక్కనే ఉన్నావు కదా, నీకు తెలుస్తుందనుకున్నాను."

నిష్ఠూరంగా అనలేదు. జరిగింది చెప్పిందంతే. నాకప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు అమ్మ లేచి కూర్చుని, కాఫీలో పంచదార చాల్లేదని నన్ను కసిరింది. ఇక గండం గడిచిందనుకున్నాను. ఆ మాట అన్నది నేనే. అని, ఎంచక్కా మరిచిపోయి, రెండేళ్ళపాటు తప్పంతా దాని నెత్తిన పెట్టాను. ఇప్పుడు ఎవరి భుజాలు ఎవరు తడుముకోవాలో మీరే చెప్పండి.

"అన్నానే. నాకూ తెలియలేదు" అన్నాను.

నా నవలల్లో అయితే ఈ చోట అక్కచెల్లెళ్ళని ఒకరినొకరు పట్టుకుని భోరుమనిపించేదాన్ని. మేం మాత్రం అమ్మ మాటలు చెప్పుకుంటూ, మధ్యమధ్య కళ్ళు తుడుచుకుంటూ, డబ్బా ఖాళీ చేశాం. పొద్దున్నే మరిదిగారు అడుగున గీతలు పడ్డ డబ్బా చూసి, "దొంగలెవరో పడ్డట్టున్నారే!" అన్నారు. ఇద్దరం ఒక్కసారే నవ్వాం.

ఈ దసరాకి నేను గుమ్మడికాయ తెప్పించాను. మావారు మొదటి దెబ్బ వేశారు. హల్వా చేసి, జాజికాయ చల్లి, వీడియోలో చెల్లెలికి చూపించాను.

"ఎప్పుడొస్తావే?" అని అడిగాను.

"చూడాలక్కా... జూన్‌లో..." అనబోయింది.

"జూన్ మాట ఎత్తకు" అన్నాను.

డిసెంబరు సెలవులకి టిక్కెట్లు కొన్నామని నిన్ననే ఫోన్ చేసింది.