పక్కన పెట్టేసిన వార్త

2017 ఆగస్టులో ఒక రాత్రి నేను డెస్క్‌లో ఉండగా ఏజెన్సీ నుంచి ఒక వార్త వచ్చింది. కేథలీన్ మొరావెట్జ్ అనే గణిత శాస్త్రవేత్త 94 ఏళ్ళ వయసులో న్యూయార్క్‌లో ఇంతెకాల్ అయ్యారని. పేజీలో జాగా లేదని పక్కన పెట్టేశాను. జాగా లేదన్నది బహానా. అసలు సంగతి, నాకు చిన్నప్పటి నుంచీ రియాజీ అంటే భయం.

మొన్న ఆపా ఇంటికి వెళితే ఆ పేరు మళ్ళీ ఎదురైంది. ఆపా బిడ్డ బీఎస్సీ అయిపోయింది. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతానంటోంది. ఆపా మాత్రం ఒక మంచి రిష్తా వచ్చిందని ఖుషీగా ఉంది. 'మామూ, మీరైనా అమ్మీకి చెప్పండి' అని పిల్ల నా చేతికి ఒక నోట్‌బుక్ ఇచ్చింది. అందులో అలల బొమ్మలు, సమీకరణాలు, పక్కన మొరావెట్జ్ పేరు. ఆ రాత్రి కూర్చుని ఆమె గురించి చదివాను. ఏడాది ఏడాదికీ నా సిగ్గు పెరిగింది.

ఆమె 1923లో టొరంటోలో పుట్టారు. నాన్న జాన్ సింజ్ ఐర్లాండ్ నుంచి వచ్చిన పెద్ద గణిత శాస్త్రవేత్త. అయినా బిడ్డ కూడా అదే దారిలోకి వస్తానంటే ఆయన ఆలోచనలో పడ్డారట. ముందుకు వెళ్ళమని హిమ్మత్ ఇచ్చింది సిసీలియా క్రీగర్. ఆ కుటుంబానికి దోస్తు, తనూ గణితం చదివిన ఔరత్. ఒక్కోసారి ఒక ఆడపిల్ల తఖ్దీర్‌ని ఇంటికి వచ్చే ఖాలా లాంటి మనిషి చెప్పే ఒక్క మాట మార్చేస్తుంది.

న్యూయార్క్‌లో ఆమెకు దొరికిన పని ఏంటనుకున్నారు? పుస్తకం దిద్దడం! జర్మనీ విడిచి వచ్చిన కూరంట్, ఫ్రీడ్రిక్స్ అనే ఇద్దరు ఉస్తాదులు ధ్వనిని మించిన వేగం మీద, షాక్ తరంగాల మీద రాసిన పుస్తకం అది. 1948లో వచ్చింది. దిద్దుతూ దిద్దుతూ ఆమె ఆ ఇల్మ్ అంతా నేర్చుకున్నారు. ఇది చదివి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఉర్దూ మీడియం పిల్లవాణ్ణి, తెలుగు డిగ్రీ తీసుకుని పత్రికలో ప్రూఫులు దిద్దుతూనే నేనూ తెలుగు నేర్చుకున్నాను. ఇతరుల తప్పులు దిద్దే కుర్చీ కూడా ఒక మదర్సానే.

1951లో ఆమె పీహెచ్‌డీ అయింది. తర్వాత విమానం రెక్కల మీద పడ్డారు. విమానం ధ్వని కంటే కాస్త తక్కువ వేగంతో పోతున్నా, రెక్క మీది గాలి కొన్నిచోట్ల ధ్వనిని దాటేస్తుంది. మళ్ళీ నెమ్మదించేటప్పుడు షాక్ తరంగం పుట్టి విమానాన్ని వెనక్కి లాగుతుంది. అసలు షాకే పుట్టని రెక్క చేయగలమా అని ఇంజినీర్ల ఆశ. 1950లలో ఆమె గణితంతో తేల్చి చెప్పారు: అలాంటి రెక్క దొరికినా, దాని ఆకారం రవ్వంత మారితే చాలు, షాక్ వచ్చి తీరుతుంది. అంటే షాక్‌ని పూర్తిగా పోగొట్టాలన్న ఆశ వదిలి, దాన్ని బలహీనం చేయడం నేర్చుకోవాలి.

ఆ తర్వాతి పని నాకు మస్జిద్ హౌజ్‌తో అర్థమైంది. ఒడ్డే లేని హౌజ్ అనుకోండి, మధ్యలో ఒక స్తంభం. రాయి వేస్తే అలలు స్తంభానికి కొట్టుకుని చెదురుతాయి. చివరికి అక్కడ నిమ్మళిస్తుందా, ఎంత త్వరగా? ధ్వని, వెలుతురు లాంటి తరంగాల విషయంలో 1961లో ఆమె దీనికి జవాబు ఇచ్చారు. లోపల ఒకచోట దీపం పెడితే ప్రతి మూలా కనబడే ఆకారమైతే, అల అక్కడ చిక్కుకుపోదు. దాని జోరు తగ్గి తీరుతుంది.

ఇదంతా నలుగురు పిల్లల్ని పెంచుతూనే. పనిలో ఉన్నప్పుడు పిల్లల ఫికర్ ఉండదా అని అడిగితే, పిల్లల దగ్గర ఉన్నప్పుడే సిద్ధాంతం ఫికర్ ఎక్కువ అన్నారట! భర్త హెర్బర్ట్ కూడా రసాయన శాస్త్రవేత్త. 1984లో కూరంట్ ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టర్ అయ్యారు. 1995లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీకి ప్రెసిడెంట్. 1998లో అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ వచ్చింది. గణితానికి ఆ ఇజ్జత్ అందుకున్న మొదటి ఔరత్ ఆమె.

పొద్దున ఆపాకి ఇవన్నీ చెప్పాను. 'వాళ్ళ ఇళ్ళు వేరు, మన ఇళ్ళు వేరు' అంది. నిజమే, వేరే. కానీ కిందటేడు ఇదే రిష్తా మాట వచ్చినప్పుడు 'బాగుంటే చేసేద్దాం' అన్నది నేను. పత్రికలో ఒక ఔరత్ వార్తని పక్కన పెట్టినట్టే, ఇంట్లో బిడ్డ చదువునీ పక్కన పెట్టబోయాను. ఆ మాట ఆపా ముందే ఒప్పుకున్నాను.

ఆపా చాలాసేపు మాట్లాడలేదు. చాయ్ చల్లారిపోయింది. చివరికి 'రిష్తావాళ్ళు రెండేళ్ళు ఆగుతారా?' అంది. 'అడుగుదాం. ఆగకపోతే అది మన నసీబ్‌లో లేదనుకుందాం' అన్నాను.

సాయంత్రం ఫారంలో గార్డియన్ అని ఉన్నచోట ఆపా ఉర్దూలో దస్తఖత్ చేసింది. సీటు ఇంకా రావాలి, ఫీజు కట్టాలి, రిష్తావాళ్ళ జవాబు రావాలి. మీ దువాల్లో మా పిల్లని యాద్ చేసుకోండి.